ఏనుగు కదలని మూడు నిమిషాలు

బొమ్మలక్క మూడేళ్ళు కూర్చుని ఒక ఏనుగుకి నడక నేర్పింది. నడకే కాదు, పరుగు, గెంతు, తుమ్ము, చెట్టెక్కడం, నీళ్ళలో మునకేయడం, దబ్బున కింద పడటం కూడా. ఏనుగుతో పాటు ఒక కోడి, ఒక మేఘం, కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలమ్మ. ఆ నలుగురినీ గీసి, కదిలించి, తెర మీదికి తోలిన చెయ్యి ఆమెదే. ఆఫీసులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బొమ్మలు గీస్తుంది కాబట్టి బొమ్మలక్క అయిపోయింది.

ఆఫీసంటే ఎంతో కాదు, టైర్ల కొట్టు మీద రెండు గదులు. కింద ఎవరైనా టైరుకి గాలి కొట్టించుకుంటే పైన బల్ల మీద పెన్సిళ్ళు సన్నగా వణికేవి. ముందు గదిలో ఇంజనీరు. కంపెనీ అతనిదే, ప్రోగ్రాము రాసేదీ అతనే, పాడైన ఫ్యాను బాగుచేసేదీ అతనే. వెనక గదిలో బొమ్మలక్క, మాస్టారు. మాస్టారు ముప్పై ఏళ్ళు బడిలో భాష చెప్పి రిటైరైన మనిషి. మాటల జాబితా తయారుచెయ్యడం ఆయన పని.

వాళ్ళు చేస్తున్నది పిల్లల చేత కథలు రాయించే సాఫ్ట్‌వేర్. పిల్ల ఒక వాక్యం టైపు చేస్తే, అది తెర కింద పెద్ద అక్షరాల్లో పడుతుంది, పైన బొమ్మలు ఆ పని చేసి చూపిస్తాయి. "కోడి గోడ దూకింది" అంటే కోడి గోడ దూకుతుంది. వినడానికి ఇంతే. చెయ్యబోతే మాత్రం ముగ్గురికీ పట్టపగలే చుక్కలు కనిపించాయి. ఒకరోజు మాస్టారు సరదాకి "దీపం కొండెక్కింది" అని కొడితే, దీపం బుడిబుడి నడకలతో వెనకాల ఉన్న కొండెక్కి, పైన నిలబడి ఇంకా బాగా వెలిగింది.

"ఆరిపోవాలయ్యా అది, ఎక్కడం కాదు," అన్నారు మాస్టారు తల పట్టుకుని.

అంతకన్నా పెద్ద తలనొప్పి ఇంకోటి వచ్చింది. ఏనుగు సిగ్గుపడింది అని రాసినా, భయపడింది అని రాసినా, ఆఖరికి సంబరపడింది అని రాసినా, చివర్లో "పడింది" కనిపించగానే ఏనుగు దబ్బున పడిపోయేది. వారం రోజులు ఇంజనీరు జుట్టు పీక్కున్నాడు.

"ఏంటి మాస్టారూ, మన మాటల్లో ఇన్ని పడటాలు?"

"మనసుకి ఏం జరిగినా మనకి పడటమేనయ్యా. బాధపడతాం, ఇష్టపడతాం, ఆశపడతాం, కుదుటపడతాం. నేనేం చెయ్యను?"

ఆలోచించగా ఆలోచించగా ఇంజనీరు ఒక నిర్ణయానికి వచ్చాడు. మనసు లోపల జరిగేవాటికి బొమ్మ ఎలా వేస్తాం, ప్రస్తుతానికి పక్కన పెడదాం అన్నాడు. అలాంటి మాటలన్నిటికీ తలుపు మూసేశాడు. బొమ్మలు చెయ్యగలిగిన పనులు నాలుగు వందల పన్నెండు. అందులో లేనిది ఏం రాసినా ఏనుగు ఏడు క్షణాలు ఊరికే నిలబడాలి, తర్వాతి వాక్యానికి పోవాలి.

ఊరికే నిలబడటమన్నా మరీ మొద్దులా నిలబడితే బాగుండదు కదా. అందుకని బొమ్మలక్క ఒక మధ్యాహ్నం, టీ చల్లారేలోపు, పదకొండు బొమ్మలు గీసి పడేసింది. ఏనుగు కుడివైపు చూస్తుంది, ఎడమవైపు చూస్తుంది, ఒకసారి రెప్ప వేస్తుంది, ముందు కాలు కొంచెం ఎత్తి మళ్ళీ అక్కడే దించుతుంది. అంతే. ప్రోగ్రాములో దానికి ఇంజనీరు పెట్టిన పేరు "ఖాళీ".

మూడేళ్ళకి పని ఒక కొలిక్కి వచ్చాక, ఒక బడివాళ్ళు తమ ఐదో తరగతి పిల్లల చేత వాడించి చూడటానికి ఒప్పుకున్నారు. ఇంజనీరుకి వేరే పని తగిలింది. మాస్టారు ఇంకో మేడ మెట్లు ఎక్కలేనన్నారు. బొమ్మలక్క ఒక్కతే వెళ్ళింది.

కంప్యూటర్ల గది మేడ మీద ఉంది. పద్నాలుగు కంప్యూటర్లు, ఇరవై ఏడుగురు పిల్లలు. ఇద్దరిద్దరు చొప్పున సర్దుకోగా చివరి వరసలో ఒక పిల్ల మిగిలింది. సన్నగా, చెవుల దాకా జుట్టు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆ పిల్లని క్లాసులో నత్త అంటారట. రాయడంలో ఆలస్యం, తినడంలో ఆలస్యం, మెట్లు దిగడంలో ఆలస్యం. జతగా కూర్చుంటే తమ పని కూడా సాగదని ఎవరూ పక్కన చేరరు. నత్త అదేం పట్టించుకున్నట్టు లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మొదలుపెట్టింది.

మిగతా గదిలో మాత్రం ఇల్లు పీకి పందిరేసినట్టుంది. మొదటి వరసలో ఇద్దరు కవల ఆడపిల్లలు "ఏనుగు పడింది" అని రాశారు. ఏనుగు పడింది. "ఏనుగు మళ్ళీ పడింది" అని రాశారు. మళ్ళీ పడింది. నలభై సార్లు పడేశారు దాన్ని. పడిన ప్రతిసారీ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంకెవరో "కోడి గుడ్లు తేలేసింది" అని రాస్తే, కోడి ముందు రెండు గుడ్లు ప్రత్యక్షమై గాల్లో తేలుకుంటూ పోయాయి. దాంతో గది గదంతా అక్కడ మూగింది.

బొమ్మలక్క గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. పిల్లలు నవ్వుతున్నారు, మంచిదే. కానీ ఏనుగు అడుగు వేసేటప్పుడు బరువు ఎలా ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి జారుతుందో, ఆ ఒక్క అడుగు కోసం పదహారు బొమ్మలు, మూడు వారాలు పెట్టింది ఆమె. దాన్ని ఒక్కరు కూడా కన్నెత్తి చూడలేదు. పడే బొమ్మే కావాలంటే ఒక్కరోజులో గీసిచ్చేదాన్ని కదా అనుకుంది. మూడేళ్ళు బూడిదలో పోసిన పన్నీరైనట్టు ప్రాణం ఉసూరుమంది.

పీరియడు ఇంకో పది నిమిషాలు ఉందనగా టీచరు చప్పట్లు కొట్టింది. "ఎవరైనా తమ కథ గోడ మీద చూపిస్తారా?"

గోడ మీద పెద్ద తెర ఉంది. కవలలు చేతులెత్తారు గానీ, టీచరు చూపు చివరి వరస మీద పడింది. నత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నీది అయిందా?" టీచరు గొంతులో ఆశ్చర్యం దాగలేదు.

"అయింది టీచర్."

"సరే, నీదే చూద్దాం."

గోడ తెర వెలిగింది. ఒక ఇల్లు, ఇంటి ముందు ఏనుగు, కోడి. తెర కింద అక్షరాలు పడ్డాయి.

ఏనుగు, కోడి ఒకే ఇంట్లో ఉంటున్నాయి.

కోడి పాట పాడింది. కోడి మెడ చాచి పాడింది.

నీ గొంతు బాగోలేదని ఏనుగు చెప్పింది. ఏనుగు నోరు కదిలింది.

కోడి వెళ్ళిపోయింది. కోడి గునగునా నడుచుకుంటూ తెర కుడివైపు అంచు దాటి మాయమైంది.

తర్వాత వాక్యం వచ్చింది. ఏనుగు పట్టించుకోలేదు.

ఏనుగు నిలబడింది. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, రెప్ప వేసింది, కాలు ఎత్తి దించింది.

ఏనుగు కాసేపు ఊరుకుంది.

మళ్ళీ అంతే.

"హ్యాంగైపోయింది," అని ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. బొమ్మలక్కకి ముఖం చెల్లలేదు. ఈ పిల్ల పాపం జాబితాలో లేని మాటలే ఏరి ఏరి రాసినట్టుంది, ముందే ఒక మాట చెప్పి ఉండాల్సింది అనుకుంది. టీచరు వైపు రెండడుగులు వేసింది, ఇక ఆపించేద్దామని.

ఇల్లు పెద్దదైపోయినట్టు ఏనుగుకి అనిపించింది.

బొమ్మలక్క అడుగు అక్కడే ఆగింది. తెర మీద ఏనుగు కుడివైపు చూసింది. కుడివైపు నుంచే కోడి వెళ్ళింది. ఎడమవైపు చూసింది. ఎడమవైపు ఇల్లుంది.

ఏనుగు కోడిని తలుచుకుంది.

తలుచుకోకూడదు అనుకుంది.

మళ్ళీ తలుచుకుంది.

నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. ఒక్కో వాక్యానికి ఏడు క్షణాలు. అవే పదకొండు బొమ్మలు, ఒక్క గీత కూడా మారలేదు. కానీ బొమ్మలక్క కళ్ళ ముందే ఆ ఏనుగు మారిపోతోంది.

పాట మరీ అంత బాగోలేకపోలేదు.

ఏనుగు సిగ్గుపడింది.

రెప్ప వేసింది ఏనుగు. ఇందాక అది ఉత్త రెప్పపాటు. ఇప్పుడు ఎవరి కళ్ళల్లోకీ చూడలేక కళ్ళు దించుకున్నట్టుంది. తర్వాత "వెళ్ళి పిలుద్దామా అని ఏనుగు తటపటాయించింది" అనే వాక్యం వస్తే, కాలు ఎత్తి, మళ్ళీ అక్కడే దించింది. మొదటి వరసలో కవలల్లో ఒకతి "వెళ్ళొచ్చు కదా" అని గొణిగింది. రెండోది దాని చెయ్యి గిల్లి ఊరుకోమంది.

పిలిస్తే కోడి రాదేమో అని భయపడింది.

రాకపోతే ఇంకా సిగ్గు.

వాక్యాలు ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి. కోడి ఎక్కడో తన పాట తనే పాడుకుంటూ ఉంటుందని ఏనుగు ఊహించుకుంది. అది వినడానికి ఎవరూ ఉండరని బెంగపెట్టుకుంది. తనకి తను సర్దిచెప్పుకుంది. సర్దుకోలేదు. మొత్తం ఇరవై ఐదు వాక్యాలు, దాదాపు మూడు నిమిషాల పాటు, ఆ గదిలో ఇరవై ఆరుగురు పిల్లలు కదలని ఒక బొమ్మని కళ్ళార్పకుండా చూశారు. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ఆ ఏనుగు లోపల ఏదో ఉంది. తను పెట్టింది కాదు. తను గీసేటప్పుడు అక్కడ ఏమీ లేదు, ఆ సంగతి తనకన్నా బాగా ఎవరికి తెలుసు.

రాకపోయినా ఫరవాలేదు అనుకోవడానికి ఏనుగుకి చాలా సేపు పట్టింది.

కాలు ఎత్తింది. దించింది.

ఏనుగు ఒక అడుగు వేసింది.

అడుగు ప్రోగ్రాముకి తెలిసిన మాట. ఇంతసేపూ ఎత్తి అక్కడే దించుతూ వచ్చిన ఆ కాలు ఈసారి ముందుకి వెళ్ళింది. బరువు ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి నెమ్మదిగా జారింది. పొట్ట కొంచెం ఊగింది. పాదం నేలని తాకింది. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు బొమ్మలక్క విన్నది. కవలలు ఇద్దరూ కుర్చీల్లోంచి సగం లేచి నిలబడి ఉన్నారు, తాము లేచినట్టు వాళ్ళకే తెలియదు.

కథ అక్కడితో అయిపోయింది. తెర తెల్లబడింది.

బెల్లు కొట్టాక పిల్లలు దిగిపోయారు. నత్త ఇంకా సంచి సర్దుకుంటోంది. బొమ్మలక్క వెళ్ళి పక్క కుర్చీలో కూర్చుంది.

"అలా నిలబడుతుందని నీకెలా తెలిసింది, తల్లీ?"

"ముందు 'ఏనుగు బాధపడింది' అని రాశాను. కదల్లేదు. చెడిపోయింది అనుకున్నా." పిల్ల పెన్సిలు డబ్బా మూత పెట్టడానికి కాసేపు తీసుకుంది. "తర్వాత సరిగ్గా చూస్తే, బాధపడుతున్నట్టే ఉంది. నేనూ అంతే కదా, ఊరికే నిలబడతాను."

బొమ్మలక్క తలూపింది.

"ఆ బొమ్మలు మీరే గీశారా?"

"నేనే."

"కాలు ఎత్తడం బాగుంది. దించేటప్పుడు మాత్రం తొందరపడుతోంది." పిల్ల అది తప్పు పట్టినట్టు కాకుండా, వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా చెప్పింది. "మనసు ఒప్పుకోకుండా దించుతుంది కదా, అంత తొందరగా ఎందుకు దించుతుంది?"

సంచి భుజాన వేసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగుతూ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో బొమ్మలక్క అన్నం ముందు కూర్చుని చెయ్యి కలపకుండా ఆలోచిస్తుంటే అత్తగారు చూసింది. మొగుడు డ్యూటీకి వెళ్ళాడు, ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అత్తగారు కూర్చోవడం తక్కువ. మోకాలు నొప్పి, కూర్చుంటే లేవలేదు, అందుకని వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే మాట్లాడుతుంది.

"ఏమైందే, బొమ్మలు నచ్చలేదన్నారా?"

బొమ్మలక్క మొత్తం చెప్పింది. కోడి పాట దగ్గర్నుంచి ఒక్క అడుగు దాకా. అత్తగారు వింటూ వింటూ ఒక కాలు కొంచెం ఎత్తి, ఆ మోకాలికి ఊరటనిచ్చి, మళ్ళీ నెమ్మదిగా నేల మీద ఆనించింది. కాలి వేళ్ళు ముందు ఆనాయి, తర్వాత మడమ. మధ్యలో ఒక్క క్షణం పాదం గాల్లోనే ఆగింది.

"అత్తయ్యా, ఇంకోసారి కాలు ఎత్తండి."

"ఎందుకూ?"

"ఎత్తండి, చెప్తాను."

అత్తగారు ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది. బొమ్మలక్క అన్నం పళ్ళెం ముందు నుంచి లేవకుండా, తల పక్కకి వాల్చి ఆ పాదాన్ని చూస్తూ ఉండిపోయింది. పదిహేనేళ్ళుగా ఈ వంటింట్లో, ఈ గట్టు దగ్గర, ఈ కాలు ఇలాగే లేచి దిగుతోంది. ఆ మధ్యాహ్నం టీ చల్లారేలోపు తన చెయ్యి దేన్ని గీసిందో ఆమెకి ఇప్పుడు తెలిసింది.

"నన్ను చూసి ఏనుగుని గీశావన్నమాట," అంది అత్తగారు.

"తెలిసి కాదు అత్తయ్యా."

"తెలిసి గీస్తే చంపేద్దును." అత్తగారు నవ్వింది. "ఇంతకీ వెళ్ళి పిలిచిందా కోడిని?" అని అడిగింది.

"తెలీదు. ఒక్క అడుగుతో ఆపేసింది ఆ పిల్ల."

"ఏముంది ఇంక, వెళ్ళినట్టే. మొదటిదే కష్టం." అని అత్తగారు గట్టు తుడవడానికి తిరిగింది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి ఇంజనీరు ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. బడి నుంచి వచ్చిన చిట్టా తెర మీద ఉంది. ఏ పిల్ల ఏం రాసిందో, ప్రోగ్రాము ఎక్కడ తడబడిందో అంతా అందులో పడుతుంది.

"ఒక్క కథలోనే ఇరవై ఐదు తప్పులక్కా. వచ్చే వారం చూడటానికి డబ్బు పెట్టే పెద్దవాళ్ళు వస్తున్నారు, ఇలా నిలబడిపోతే ఏమనుకుంటారు? మాట తెలియకపోతే ఏనుగు చేత డ్యాన్సు చేయిద్దాం. నిలబడటం మాత్రం తీసేద్దాం. మీరు ఓ డ్యాన్సు గీసివ్వండి."

"గీస్తాను. ముందు ఇది చూడు," అని బొమ్మలక్క ఆ కథ పెట్టి, కుర్చీ అతని వైపు జరిపింది. మాస్టారు కూడా కళ్ళజోడు తుడుచుకుని వెనకొచ్చి నిలబడ్డారు.

ఇంజనీరు రెండుసార్లు మౌస్ మీదికి చెయ్యి పోనిచ్చాడు, ముందుకి తోద్దామని. రెండుసార్లూ ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. కింద ఎవరో టైరు గాలి కొట్టించుకుంటున్నారు, పెన్సిళ్ళు వణికాయి. ఏనుగు అడుగు వేసింది. తెర తెల్లబడింది.

అతను కుర్చీని తెల్ల తెరకి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.

"అక్కడ నేను రాసింది ఏమీ లేదక్కా," అన్నాడు చివరికి. "నిజంగా ఖాళీ."

"అవును."

"మరి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

బొమ్మలక్కకి తెలియదు. మాస్టారి వైపు చూసింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి మాటలు నేర్పిన మనిషి, ఏదో చెబుతారనుకుంది. ఆయన కళ్ళజోడు మళ్ళీ తీసి, తుడిచిన అద్దాలనే ఇంకోసారి తుడుచుకుంటున్నారు.

డ్యాన్సు మాట మళ్ళీ ఎత్తలేదు ఇంజనీరు. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళకి తనే ఆ కథ చూపించాడు. చూస్తుండగా ఒకాయన ఫోను మోగితే, ఆయన అదేదో పాపం చేసినట్టు గబుక్కున నొక్కేశాడు.

బొమ్మలక్క మాత్రం ఆ వారమంతా ఒక్క బొమ్మ మీద కూర్చుంది. పన్నెండోది. పాదం గాల్లో ఆగే బొమ్మ. పాదం మరీ ఎత్తులో ఉంటే ఎగరబోతున్నట్టుంది, మరీ కిందుంటే ఆగినట్టే తెలియదు. చించి పారేసిన కాగితాలు బల్ల కింద మోకాలెత్తు పెరిగాయి. ఆరో రోజు గీత కుదిరింది. వేళ్ళు నేలకి వెంట్రుకవాసి దూరంలో, మడమ ఇంకా పైనే. పన్నెండూ కలిపి ఆడించి చూసింది. ఏనుగు కాలు ఎత్తింది, దించబోయి ఆగింది, దించింది.

ఆ కొత్త బొమ్మ కలిపిన ప్రోగ్రాము బడికి పంపించిన మూడు వారాలకి, ఎలా ఉందో చూడటానికి తనే వెళ్ళింది. ఈసారి మేడ మెట్లెక్కుతుంటేనే ఏదో తేడా తెలిసింది. పైనుంచి చప్పుడే లేదు. క్లాసు లేదేమో అనుకుంది. తలుపు దగ్గర టీచరు ఎదురై గొంతు తగ్గించి చెప్పింది. "నెల నుంచీ ఇంతేనండీ. నాకే భయమేస్తోంది. మీరు వెళ్ళి చూడండి."

ఇరవై ఏడుగురూ ఉన్నారు. పద్నాలుగు తెరలూ వెలుగుతున్నాయి. పద్నాలుగు తెరల మీదా ఏనుగు నిలబడి ఉంది. కుడివైపు చూస్తోంది, ఎడమవైపు చూస్తోంది. ఎక్కడా పరుగు లేదు, గెంతు లేదు. కీబోర్డుల టకటకలు మాత్రం సన్నగా వినిపిస్తున్నాయి. చివరి వరసలో నత్త పక్కన ఇప్పుడు ఇంకో పిల్ల కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకే అక్షరం కోసం వెతుక్కుంటున్నారు.

బొమ్మలక్క చెప్పులు గుమ్మంలో విడిచి, పిల్లల వెనకగా, ఒక్కో తెర దగ్గరా ఆగుతూ నడిచింది.

పడదామా వద్దా అని ఏనుగు ఆలోచిస్తోంది, అని రాశారు కవలలు. పడటం తమ చేతుల్లో లేనట్టు, ఏనుగు ఏమంటుందో అని బుగ్గల కింద చేతులు పెట్టుకుని చూస్తున్నారు.

పక్క తెర మీద, ఏనుగుకి ఈత రాదు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాని పక్కన, ఏనుగు వాళ్ళ అమ్మ గొంతు గుర్తుతెచ్చుకుంటోంది, సగమే గుర్తొచ్చింది. ఇంకో తెర మీద, ఏనుగుకి ఇవాళ కారణం లేకుండా సంతోషంగా ఉంది, ఎవరైనా అడిగితే బాగుండు అనుకుంటోంది.

అన్నీ ఆ పన్నెండు బొమ్మలే. ఆమె చేత్తో గీసినవే, ఏ గీత ఎక్కడ వంగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అయినా ఒక ఏనుగుని చూసిన కళ్ళతో పక్క ఏనుగుని చూడలేకపోయింది. ఈత రాని ఏనుగు ముందు ఎక్కువసేపు నిలబడితే దానికి ఇబ్బందిగా ఉంటుందేమో అనిపించి, నెమ్మదిగా ముందుకి కదిలింది. వరస చివరికి వచ్చి వెనక్కి తిరిగి చూస్తే, పద్నాలుగు తెరల మీద పద్నాలుగు పాదాలు, ఒకటి ముందు, ఒకటి వెనక, గాల్లో ఆగి ఉన్నాయి.

ఆమె అక్కడే, ఖాళీగా ఉన్న ఒక కుర్చీ అంచున, చప్పుడు కాకుండా కూర్చుంది.